రాతిపువ్వు

బదిలీ ఉత్తర్వు వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో ముందుగా కిందికి దిగేవి అటక మీది అట్టపెట్టెలు. పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఇప్పుడున్నది మాకు ఐదో ఊరు. అస్సాంలో వక్కతోటల మధ్య రెండేళ్ళు, ఛత్తీస్‌గఢ్‌లో బొగ్గు గనుల ఊళ్ళో మూడేళ్ళు, రాజస్థాన్‌లో ఇసుకగాలుల మధ్య రెండేళ్ళు, మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున మూడేళ్ళు. రెండేళ్ళ కిందట ఈ కుమావూ కొండలకు వచ్చాం. మేము అంటే ముగ్గురం. బడిలో తెలుగు చెప్పే అమ్మ, ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసుకునే నాన్న, ఎనిమిదేళ్ళ పాప.

హిమాలయాల్లో తెలుగు టీచరుకు పనేమిటని ఊళ్ళో బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు. ఈ పత్రిక చదివేవాళ్ళకు ఆ సంగతి చెప్పనక్కర్లేదు. తొమ్మిదో తరగతిలో కొందరు పిల్లలు ఒక ఏడాది పాటు వేరే భాష మాట్లాడే ప్రాంతంలోని విద్యాలయానికి వెళ్ళి చదువుకోవడం మన దగ్గర ఉన్న పద్ధతే. అలా ఆంధ్ర నుంచి వచ్చిన పదకొండు మంది పిల్లలు పోయినేడాది మాతో ఉన్నారు. ఇక్కడి పిల్లలకు మూడో భాషగా అ ఆలు నేర్పడం ఒక పని. ఆ పదకొండు మందికి ఇల్లు గుర్తొచ్చినప్పుడు తెలుగులో నాలుగు మాటలు మాట్లాడటం రెండో పని. రెండోది టైంటేబుల్లో ఉండదు.

నవంబరు దాకా పిల్లలు బాగానే ఉన్నారు. మంచుకొండలు చూసి కేకలు వేశారు, మెస్సులో రాజ్మా తిని మొహాలు ముడిచారు, పహాడీ పాటలకు గంతులు వేశారు. డిసెంబరు వచ్చేసరికి సందడి తగ్గింది. కర్నూలు జిల్లా ఎండల్లో పెరిగిన పిల్లలకు పొద్దున్నే నల్లా విప్పితే నీళ్ళు రాకపోవడం, గొట్టంలో నీళ్ళు గడ్డకట్టాయని తెలియడం మొదటి రోజు వింత, పదో రోజు శిక్ష. సాయంత్రం ఐదున్నరకే చీకటి. చెవులకు మఫ్లర్లు చుట్టుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని, ఒకరితో ఒకరు మాట్లాడకుండా కూర్చునేవారు. అందులో ఒక అబ్బాయి మాట్లాడటం పూర్తిగా మానేశాడు. వాళ్ళ నాన్న పెళ్ళిళ్ళకు వంటచేసే మేస్త్రి. ఆదివారం ఇంటికి ఫోన్ చేసే వంతు వస్తే, "వచ్చి తీసుకుపో నాయనా" అన్న ఒక్క మాట చెప్పి ఫోన్ పక్కవాడికి ఇచ్చేసేవాడు.

పిల్లల్ని ఆదివారం పూట ఎండలో కాస్త నడిపించమని వార్డెన్ గారు అడిగారు. అలా మొదలయ్యాయి మా నడకలు. పెద్ద ఆలోచనేమీ లేదు. పొద్దున తొమ్మిదింటికి ఎండ ఎదుటి కొండ దిగి మా ఆవరణలోకి వచ్చేది. అప్పుడు బయల్దేరి, గేటు దాటి, బాంజ్ చెట్ల కిందుగా గుడి దాకా పోయి, పదకొండింటికి తిరిగి వచ్చేవాళ్ళం. బాంజ్ అంటే ఇక్కడి సింధూర వృక్షం, ఇంగ్లీషులో ఓక్ అంటారే, అది. మేము ముగ్గురం, పిల్లలు పదకొండు మంది, వాళ్ళతో స్నేహం కుదిరిన ఇక్కడి పిల్లలు నలుగురైదుగురు, వెనకాల కర్ర పట్టుకుని చౌకీదారు. ఆయన్ని అందరూ దాజ్యూ అనేవారు. కుమావూనీలో అన్నయ్య అని అర్థం. ఆయనకు రిటైరయ్యే వయసు దగ్గరపడింది, అయినా అందరికీ అన్నయ్యే.

మొదటి ఆదివారం నేలే మాకు వింత చూపించింది. నీడపట్టున ఉన్న తడిమట్టి మీద అడుగేస్తే కరకరమని చప్పుడు. వంగి చూస్తే మట్టి పైపొర నేలకు ఒక అంగుళం ఎత్తున లేచి ఉంది. దాని కింద వందల సన్నని మంచు స్తంభాలు, అప్పడాల పిండిలో గుచ్చిన సేమ్యా పుల్లల్లా. రాత్రి గాలి గడ్డకట్టే చలికి దిగుతుంది, మట్టి లోపల మాత్రం కొంచెం వెచ్చదనం మిగులుతుంది. అడుగునున్న నీళ్ళు పైకి పాకి, పైకొచ్చిన చోట గడ్డకట్టి, కింద నుంచి ఇంకా నీళ్ళు వస్తూ ఉంటే ఆ గడ్డ పొడవవుతూ మట్టి బెడ్డల్ని నెత్తిన పెట్టుకుని లేస్తుంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన అమ్మాయి ఒక బెడ్డ తీసి అరచేతిలో పెట్టుకుంది. రెండు నిమిషాల్లో చేతిలో బురద మిగిలింది. "మేడం, ఇది రోజూ కట్టి రోజూ కూలిపోద్దా?" అంది. అవును, రోజూ.

రెండో ఆదివారం దేవదారు, చీడ్ చెట్ల వైపు పోయాం. చీడ్ అంటే ఇక్కడి పైన్ చెట్టు. రాలిన కాయలు పిల్లలు జేబుల నిండా తెచ్చుకున్నారు. ఎండలో అవి పువ్వుల్లా విచ్చుకుని ఉన్నాయి. ఒకటి తీసి మా స్నానాలగది బకెట్లో వేస్తే, భోజనం చేసి వచ్చేసరికి రెక్కలన్నీ దగ్గరకు ముడుచుకుంది. మళ్ళీ ఎండలో పెడితే విచ్చుకుంది. చెట్టు నుంచి తెగిపోయి ఎన్నాళ్ళయినా ఆ పని మానదు. రెక్కలో రెండు పొరలు ఉంటాయి, తడికి ఒకటి ఎక్కువ ఉబ్బుతుంది, రెండోది తక్కువ, అందుకే వంగుతుంది. విత్తనాలు పొడి గాలిలోనే ఎగరాలి కదా, వానలో రెక్క తెరిస్తే లాభం లేదు. మా పాప ఆ కాయను కిటికీలో పెట్టి ఇవాళ మబ్బు పడుతుందా లేదా అని దాన్ని అడిగేది.

ఇన్ని చూస్తున్నా ఆ అబ్బాయి మాత్రం వెనకే ఉండేవాడు.

మూడో ఆదివారం గుడికి ముందు మలుపులో ఉన్న పెద్ద బండ దగ్గర ఆగాం. ఆ బండ మీద మాకు కొన్ని గీతలు కనబడ్డాయి. నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి. మళ్ళీ నాలుగు, మళ్ళీ ఒకటి. వరసలు వరసలుగా. పక్కనే ఒక గుండ్రటి మరక, అరచేయంత, లేత బూడిద రంగు, అంచు తెల్లగా. ఆ మరకలో సగం గీకేసి ఉంది. గీకిన చోట రాయి పచ్చిగా మెరుస్తోంది.

దాజ్యూ కర్ర పక్కన పెట్టి కూర్చుని ఆ చోట వేలితో తడిమాడు. ఎవరు చేశారని అడగలేదు. "నేను ఈ బడిలో చేరకముందు మేకలు కాసేటప్పుడు ఈ బండ మీద కూర్చునేవాణ్ణి. అప్పుడూ ఈ చక్రం ఇంతే ఉండేది" అన్నాడు హిందీలో.

కర్నూలు అబ్బాయి మొహం ఎర్రబడింది. వారం రోజులుగా సాయంత్రం ఆటల పీరియడులో వాడు ఇక్కడికే వస్తున్నాడట. ఇంటికి పోవడానికి ఎన్ని రోజులున్నాయో అన్ని గీతలు గీసుకుంటున్నాడు. గీతలకు చోటు చాలక, సున్నపు మరకేమోననుకుని దాన్ని గీకాడు. నెలలు దాటిన తర్వాత మాతో వాడు మాట్లాడిన మొదటి మాటలు అవే. "సున్నం అనుకున్నా మేడం."

మేము తిట్టలేకపోయాం. మేమూ అలాగే అనుకున్నవాళ్ళమే. అస్సాంలో మా క్వార్టర్ చుట్టూ ఉన్న వక్కచెట్ల మొద్దుల మీద తెల్లటి, లేత పచ్చటి మచ్చలుండేవి. రెండేళ్ళపాటు ఎవరో సున్నం వేశారనే అనుకున్నాం. విజయనగరం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో బావి గట్టు మీద ఇలాంటివే ఉంటే పాచి అనేవాళ్ళం. దాని పేరు లైకెన్ అని పుస్తకంలో చదివాం, పరీక్షలో రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. కళ్ళెదుట ఉన్నదే అది అని పోల్చుకోలేదు.

ఆ సాయంత్రం జీవశాస్త్రం సార్ ల్యాబు నుంచి రెండు భూతద్దాలు ఇచ్చారు. మరుసటి ఆదివారం ఆయన కూడా వచ్చారు. వచ్చాక మా నడక గుడి దాకా పోలేదు. బండ దగ్గరే రెండు గంటలు గడిచాయి.

లైకెన్ ఒక మొక్క కాదు. ఒక్క ప్రాణీ కాదు. ఒక శిలీంధ్రం, ఒక శైవలం కలిసి ఉండే కాపురం. శిలీంధ్రం ఇల్లు కడుతుంది, నీటి తడిని పట్టి ఉంచుతుంది, ఎండ నుంచి కాపాడుతుంది. లోపల ఉన్న శైవలం సూర్యకాంతితో వంట చేస్తుంది. కొన్నిటిలో శైవలానికి బదులు నీలి ఆకుపచ్చ బాక్టీరియా ఉంటుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన సైమన్ ష్వెండెనర్ 1867లో ఈ సంగతి చెప్పినప్పుడు ఆనాటి లైకెన్ పండితులు చాలామంది ఒప్పుకోలేదు. ఒక పేరుతో పిలిచే జీవి రెండు జీవులెలా అవుతుందని వాళ్ళ కోపం. తర్వాత ఒప్పుకోక తప్పలేదు. 2016లో వచ్చిన ఒక పరిశోధన కొన్ని లైకెన్ల పైపొరలో ఈస్టు జాతి శిలీంధ్రం కూడా కాపురముందని చూపించింది. అంటే ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారో ఇంకా లెక్క తేలుతూనే ఉంది.

సార్ నీళ్ళ సీసా మూత తీసి బండ మీద బూడిదరంగు లైకెన్ మీద నాలుగు చుక్కలు వేశారు. మేమందరం తలలు దగ్గర పెట్టి చూస్తున్నాం. నిమిషం గడవకముందే బూడిదరంగు పోయి ఆకుపచ్చ పైకి తేలింది. పొడిగా ఉన్నప్పుడు పైపొర మసకగా ఉంటుంది. తడిస్తే అద్దంలా తేటపడి లోపలి శైవలం పచ్చదనం కనబడుతుంది. పిల్లలు తమ సీసాల నీళ్ళన్నీ అక్కడే ఖర్చు పెట్టేశారు. వర్షం లేని నెలల్లో ఇది చచ్చినట్టు పడి ఉంటుంది, చావదు, పని ఆపుకుంటుంది అంతే అని సార్ చెప్పారు. 2005లో యూరప్ అంతరిక్ష సంస్థ రెండు రకాల లైకెన్లను రష్యా వాళ్ళ ఫోటాన్ ఉపగ్రహం మీద పైకి పంపింది. గాలి లేని చోట, సూర్యుడి తీవ్రమైన కిరణాల్లో, సుమారు రెండు వారాలు ఉంచి తెస్తే అవి మళ్ళీ మామూలుగా పని మొదలుపెట్టాయి.

"దానికి వేళ్ళు లేవా?" అని మా పాప అడిగింది.

లేవు. నీళ్ళూ ఖనిజాలూ ఎక్కువగా గాలి నుంచీ, వాన నుంచీ తీసుకుంటుంది. చెట్టు మీద ఉన్నా చెట్టు రసం తాగదు.

"వేళ్ళు లేకపోతే ఎట్లా నిలబడుద్ది?"

"పట్టుకుని" అన్నాడు కర్నూలు అబ్బాయి. భూతద్దం వాడి దగ్గరే ఉంది. అప్పటికే పావుగంటగా ఎవరికీ ఇవ్వడం లేదు.

పాప ఎందుకడిగిందో మాకు తెలుసు. ఊరు మారినప్పుడల్లా మేము ఒకళ్ళకొకళ్ళం చెప్పుకునే మాట ఒకటుంది, ఎక్కడా వేళ్ళూనుకోకుండా తిరుగుతున్నామని. పెద్దవాళ్ళ మాటలు పిల్లలు వినరనుకుంటాం. ఈ కొండలకు వచ్చాక మా పాప ఆరు నెలలు ఎవరితోనూ స్నేహం చేయలేదు. ఎందుకమ్మా అని అడిగితే, "మళ్ళీ వెళ్ళిపోతాం కదా" అంది. దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

తర్వాత లెక్క మొదలైంది. గీకేసిన చక్రం అంచు చుట్టూ దారం పెట్టి, స్కేలుతో కొలిస్తే వ్యాసం 11 సెంటీమీటర్లు. అంటే మధ్య నుంచి అంచుకు 55 మిల్లీమీటర్లు. రాతిని పెచ్చులా అంటుకుని పెరిగే ఇలాంటి లైకెన్లు చాలావరకు ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు. పోనీ మిల్లీమీటరే అనుకున్నా 55 ఏళ్ళు. మా బడి కన్నా, అక్కడున్న మా అందరికన్నా పెద్దది. దాజ్యూ అబద్ధం చెప్పలేదు. హిమానీనదాలు వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన రాళ్ళ వయసును శాస్త్రవేత్తలు ఈ చక్రాల సైజు చూసే అంచనా వేస్తారని సార్ చెప్పారు.

లెక్క పూర్తయ్యాక ఎవరూ ఏమీ అనలేదు. ఆ అబ్బాయి గీసిన గీతలు నూటికి దగ్గర ఉన్నాయి. వాడు వాటినీ, చక్రాన్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత నోటుపుస్తకం తీసి ఆ బండ మీదున్న లైకెన్లన్నిటికీ నంబర్లు వేసి కొలతలు రాయడం మొదలుపెట్టాడు. సగం గీకేసిన దానికి ఒకటో నంబరు వేశాడు.

ఆ తర్వాత నడకలు మా చేతుల్లోంచి పిల్లల చేతుల్లోకి వెళ్ళాయి. మూడు రకాలు గుర్తుపట్టడం నేర్చారు. రాతికి పెచ్చులా అతుక్కుని, గోరుతో తీసినా రానివి ఒకటి. ఆకుల్లా అంచులు లేపి ఉండేవి రెండోది. చిన్న పొదలా, గడ్డంలా వేలాడేవి మూడోది. బాంజ్ చెట్టు కొమ్మలకు వేలాడే లేతపచ్చ గడ్డాలు చూసి వాటికి తాతయ్యలని పేరు పెట్టారు. ల్యాబులో తాము వాడే లిట్మస్ రంగు మొదట తీసింది లైకెన్ల నుంచేనని తెలిసిన రోజు సైన్సు పీరియడు అయ్యేదాకా ఆ కాగితం ముక్కల్ని ఎవరూ పారేయలేదు.

ఛత్తీస్‌గఢ్‌లో మేమున్న ఊళ్ళో చెట్ల మొద్దులు ఎలా ఉండేవో అప్పుడు గుర్తు చేసుకున్నాం. నల్లగా, నున్నగా, ఒక్క మచ్చ లేకుండా ఉండేవి. వేళ్ళు లేక గాలినే నమ్ముకుని బతికే జీవికి పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ విషం. పారిస్‌లో విలియం నైలాండర్ అనే ఆయన 1866లోనే, ఊరి చెట్ల మీద లైకెన్లు ఎంత ఉన్నాయో చూస్తే అక్కడి గాలి ఎంత మంచిదో తెలుస్తుందని రాశాడు. మేము ఆ ఊళ్ళో మూడేళ్ళున్నాం. మా పాప పుట్టింది అక్కడే. చెట్లను చూసి గాలి సంగతి చదవడం అప్పుడు మాకు రాదు.

జనవరి మొదటి వారంలో గట్టిగా గాలి వీచి బాంజ్ కొమ్మలు కొన్ని విరిగి దారిలో పడ్డాయి. చెట్టు మీదున్నది తెంపకూడదని మేము ముందే అనుకున్నాం కాబట్టి పిల్లలు పడిన కొమ్మల చుట్టూ మూగారు. కర్నూలు అబ్బాయి ఒక కొమ్మ మీద నుంచి ఆకుల్లాంటి లైకెన్ ఒకటి తీశాడు. పైన బూడిద తెలుపు, అంచులు కుచ్చులు కుచ్చులుగా, తిప్పితే అడుగున నలుపు. వాడు దాన్ని చాలాసేపు చూశాడు.

"మేడం, ఇది మా ఇంట్లో ఉంది."

మాకు అర్థం కాలేదు.

"మా నాయన మసాలా డబ్బాలో ఉంటాది. రాతిపువ్వు. బిర్యానీకి నూనెలో మొదట ఇదే ఏస్తాడు."

మా ఇంట్లోనూ ఉంది. ఏటా వేసవిలో అమ్మ పొడి కొట్టి పంపే మసాలాలో అదీ ఒకటి. అందరం నేరుగా మా క్వార్టర్‌కు వచ్చాం. డబ్బాలోంచి రాతిపువ్వు తీసి పేపరు మీద పోసి, పక్కన కొమ్మ మీదిది పెట్టి, భూతద్దం కింద చూశాం. జీవశాస్త్రం సార్‌ను పిలిచాం. రెండూ ఒకే జాతివని చూడగానే చెప్పలేమనీ, ఒకే తీరువనీ అన్నారు. లైకెన్లలో విషమున్నవి కూడా ఉన్నాయి, చెట్టు మీద దొరికినది ఎవరూ నోట్లో పెట్టుకోకూడదు అని గట్టిగా చెప్పారు. ఇక్కడివాళ్ళు దీన్ని ఝూలా అంటారట. ఈ కొండల నుంచి మూటలుగా కిందికి దిగి మైదానాల బజార్లకు చేరుతుందనీ, తన చిన్నతనంలో అమ్మతో పాటు అడవికి పోయి ఏరేవాడిననీ దాజ్యూ చెప్పాడు. హిందీవాళ్ళ పత్థర్ కా ఫూల్, మరాఠీవాళ్ళ దగడ్ ఫూల్, తమిళుల కల్పాసి, మన రాతిపువ్వు, అన్నీ ఇదే సరుకు. రాతిపువ్వు అని పిలుస్తున్నాం కానీ అది పువ్వూ కాదు, ఇక్కడ రాతి మీదా లేదు.

మూకుడు పొయ్యి మీద పెట్టి, చెంచాడు నూనె వేసి, డబ్బాలోని రాతిపువ్వు రెండు రేకులు వేశాం. పచ్చిగా ఉన్నప్పుడు దానికి పెద్ద వాసన ఉండదు. నూనె కాగాక వచ్చింది. తడిసిన మట్టిదీ, కాలిన కట్టెదీ కలిసినట్టుండే వాసన. పదకొండు మంది పిల్లలు మా చిన్న వంటగదిలో ఒకరి మీద ఒకరు పడి నిలుచున్నారు. ఎవరూ మాట్లాడలేదు. శ్రీకాకుళం అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. కర్నూలు అబ్బాయి మాత్రం ఏడవలేదు. "మాడిపోతాది మేడం, పొయ్యి తగ్గించండి" అన్నాడు. ఆ పూట వంట వాడే చేశాడు. మేము ఉల్లిపాయలు తరిగాం.

సాయంత్రం ఫోన్ వంతు వచ్చినప్పుడు వాడి మాటలు మాకూ వినబడ్డాయి. స్పీకర్ పెట్టుకుని మరీ మాట్లాడాడు.

"మా, మన రాతిపువ్వు ఈడ చెట్ల మీద కాస్తాంది."

"రాతి మీద కాస్తాది గదరా, చెట్టు మీద ఏంది?" అంది వాళ్ళమ్మ.

"రెండిటి మీదా కాస్తాదిమా. అది పువ్వు గూడా కాదు. ఇద్దరు కల్సి ఉంటారు దాంట్లో..."

ఆ రోజు పక్కవాడికి ఫోన్ ఇవ్వమని మేమే అడగాల్సి వచ్చింది. వచ్చి తీసుకుపొమ్మన్న మాట వాడు అనలేదు. వాడి దిగులు పోయిందని చెప్పం. ఆ తర్వాత కూడా కొన్ని రాత్రులు దుప్పటి ముసుగేసుకుని పడుకునేవాడని వార్డెన్ గారు చెప్పారు. కాకపోతే పొద్దున లేచి స్కేలు వెతుక్కునేవాడు.

సంక్రాంతి ఇక్కడే జరుపుకున్నాం. కుమావూలో దాన్ని ఘుఘుతియా అంటారు. బెల్లం నీళ్ళతో గోధుమపిండి కలిపి, పక్షుల్లా, డమరుకాల్లా చేసి నూనెలో వేయించి, నారింజకాయతో కలిపి దండ గుచ్చి పిల్లల మెడలో వేస్తారు. పిల్లలు కాకుల్ని పిలిచి పెడతారు. కాకిని పండక్కి భోజనానికి పిలవడం మన పిల్లలకు భలే నచ్చింది. మన అమ్మాయిలు మెస్సు ముందు చుక్కల ముగ్గు పెట్టారు, ఇక్కడి అమ్మాయిలు దాని పక్కనే ఎర్రమన్ను అలికి బియ్యప్పిండి నీళ్ళతో ఐపణ్ వేశారు. మధ్యాహ్నం బండ దగ్గరకు పోయినప్పుడు మా పాప ఆ గుండ్రటి అంచుల్ని చూసి, "దీనికి ఎవరు పెట్టారు ముగ్గు?" అంది. తన చేయి పట్టుకుని ఇక్కడి అమ్మాయి ఒకతె నిలబడి ఉంది. ఇద్దరి మెడల్లోనూ ఘుఘుతే దండలు. వాళ్ళిద్దరూ ఎప్పుడు స్నేహితులయ్యారో మేము గమనించలేదు.

ఈ పాటికి ఆ పదకొండు మంది పిల్లలు తమ జిల్లాలకు వెళ్ళిపోయి పదో తరగతిలో చేరారు. వెళ్ళేముందు కర్నూలు అబ్బాయి తన నోటుపుస్తకాన్ని జీవశాస్త్రం ల్యాబులో ఇచ్చాడు. అందులో ఇరవై మూడు లైకెన్ల కొలతలున్నాయి, తేదీలతో సహా. ప్రతి చలికాలం కొత్తగా వచ్చే తొమ్మిదో తరగతి పిల్లలు వాటిని కొలిచి పక్క గడిలో రాయాలని మొదటి పేజీలో రాశాడు. తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి. హిందీలో రెండు తప్పులున్నాయి. మేము దిద్దలేదు. ఒకటో నంబరుకు ఎదురుగా, "సగం నేను గీకేసినాను. మళ్ళీ పెరుగుతుందేమో చూడండి" అని ఉంది.

మాకు కూడా ఉత్తర్వు వచ్చింది. ఈసారి ఒడిశా. అట్టపెట్టెలు అటక దిగాయి. మా పాప ఏడ్చింది, రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నిజం చెప్పాలంటే మాకు అది కొత్త. మధ్యప్రదేశ్ నుంచి వచ్చేటప్పుడు తను ఏడవలేదు. అప్పుడు ఏడవకపోవడమే మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది.

పిల్లలూ, ఈ వ్యాసం చదివాక లైకెన్లు చూడటానికి హిమాలయాలకు రావాలనుకోకండి. వస్తే మంచిదే. పిథౌరాగఢ్ జిల్లా మున్సియారీలో ఉత్తరాఖండ్ అటవీశాఖ వాళ్ళు 2020లో దేశంలోనే మొదటి లైకెన్ పార్కు తెరిచారు. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థలో వీటి పెద్ద భాండాగారం ఉంది. మన దేశంలో రెండు వేలకు పైగా జాతులున్నాయి. కానీ ముందు మీ బడి ప్రహరీగోడ చూడండి. పాత వేపచెట్టు మొద్దు, మామిడిచెట్టు మొద్దు, గుడి మెట్లు, ఊరవతల గుట్టమీది బండలు చూడండి. ఒక సీసాలో నీళ్ళు తీసుకువెళ్ళండి, నాలుగు చుక్కలు వేసి నిమిషం ఆగండి. గోరుతో మాత్రం గీకకండి. ఏమీ కనబడకపోతే, ఎందుకు కనబడలేదో మీ సైన్సు టీచరును అడగండి. ఆ ప్రశ్న కూడా మంచిదే.

పెట్టెలు సర్దుతుండగా పోయిన వారం ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. కర్నూలు జిల్లాలో ఏదో గుట్ట, ఎండకు తెల్లబడిన బండ. బండ మీద రూపాయి బిళ్ళంత బూడిదరంగు చక్రం, పక్కన ఆనించిన ప్లాస్టిక్ స్కేలు. ఫోటో కింద రాసినది ఇంతే: "మేడం, 24 మి.మీ. మా ఊళ్ళో కూడా ఉంది. ఇన్నాళ్ళూ దీని మీదే కూర్చునేవాణ్ణి."

మా పాప ఆ ఫోటోను తన స్నేహితురాలికి చూపించడానికి ఫోను పట్టుకుని పరిగెత్తింది. ఒడిశాలో మా క్వార్టర్ ముందు చెట్లు ఉంటాయో లేదో మాకు తెలియదు. భూతద్దం ఒకటి కొన్నాం. దాన్ని పైన పెట్టెలోనే, త్వరగా చేతికి అందేలా పెట్టాం.